వరదమ్మ కళ్ళకు ఏడాది గడువు

తిరుపతి,
18-1-1987

చిరంజీవి గోవిందస్వామికి బావ మునిరామయ్య దీవెనలు.

నీ ఉత్తరం, దాంట్లో మడిచి పెట్టిన రంగు కాగితం అందాయి. కాగితం మీద ముసలి దంపతులు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఆ వయసులో అన్ని పళ్ళున్న వాళ్ళకు వైద్య బీమా దేనికో నాకు అర్థం కాలేదు.

చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా మర్యాదగా బతుకుతున్నవాడివి. ఈ ఏజెంటు వేషం నీకెవడు తగిలించాడు? జీవిత బీమా అంటే నాకు తెలుసు. మనిషి పోతే డబ్బు వస్తుంది, పోకపోతే గడువు తీరాక వస్తుంది. నువ్వు చెప్పేది వేరే వింతగా ఉంది. జబ్బు చేస్తేనే డబ్బట, చేయకపోతే కట్టింది పోయినట్టట. అంటే ఏడాది పొడుగునా నేను ఆరోగ్యంగా ఉంటే నష్టపోయినవాణ్ణి అవుతాను. నలభై ఏళ్ళుగా పాత్రల అంగడి నడుపుతున్నాను. బిందె డబ్బు తీసుకుంటే బిందె ఇచ్చాను. నీ కంపెనీ వాళ్ళు డబ్బు తీసుకుని, నీకు దాహం వేసినప్పుడు రా, బిందె సంగతి అప్పుడు చూద్దాం అంటున్నారు.

పైగా వయసు మళ్ళే కొద్దీ ఎక్కువ కట్టాలని చిన్న అక్షరాల్లో రాశారు. ముసలివాళ్ళకు సరిగ్గా కనబడని సైజులోనే రాశారు, తెలివైనవాళ్ళు. మా ఎదురు అంగడి పరంధామయ్య మద్రాసు పోయి కడుపు కోయించుకుని వచ్చాడు. ఆ బిల్లులు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చినవాడికీ పోయినవాడికీ చూపిస్తున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకో. నీ కాగితాలకు సరిపోతాడు.

మీ అక్క బాగానే ఉంది. ఈ మధ్య సాంబారు విస్తట్లో కాకుండా పక్కన పోస్తోంది. అడిగితే చూపు ఆనడం లేదంటోంది. యాభై తొమ్మిదికే ఈ సాకులు మొదలయ్యాయి. మీ ఆవిడ భారతమ్మను అడిగానని చెప్పు.

మునిరామయ్య

---

చిత్తూరు,
2-2-1987

బావగారికి గోవిందస్వామి నమస్కారాలు.

మీ ఉత్తరం భారతమ్మకు చదివి వినిపించాను. అన్నయ్యగారికి మీ మీద ప్రేమ ఎక్కువ, అందుకే ఇన్ని మాటలు రాశారు అంది. నాకు అలా అనిపించలేదు. ఈ ఏడు బెల్లం ధర బాగా పడిపోయింది, మండీ వాళ్ళు జీతాలు పెంచేలా లేరు. అందుకే ఏజెంటు పని పట్టుకున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు తెలియదు.

మీకు దాపరికం లేకుండా లెక్క చెబుతాను. అక్క ఒక్కదానికి ఏడాదికి ఆరు వందల చిల్లర అవుతుంది. అరవై దాటితే రేటు మారుతుంది. అందుకు బదులుగా ఇరవై వేల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. ముందు మీరు చేతినుంచి కట్టి, బిల్లులు పంపిస్తే తర్వాత ఇస్తారు. డాక్టరుకు చూపించుకుని మందులు కొనుక్కుని ఇంటికి వస్తే ఇవ్వరు, ఆసుపత్రిలో మంచం ఎక్కాలి. మొదటి నెల ఏ జబ్బుకూ ఇవ్వరు. కంట్లో పొర, మొలలు లాంటి కొన్నిటికి మొదటి ఏడంతా ఇవ్వరు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకైతే ఎప్పటికీ ఇవ్వరు.

సాంబారు సంగతి మీరు వేళాకోళంగా రాశారు. పోయిన దీపావళికి నేను వచ్చినప్పుడు అక్క నన్ను గొంతు విని గుర్తుపట్టింది. అది పొరే. మా అమ్మకూ ఈ వయసులోనే వచ్చింది. అయితే ఇంతవరకూ ఏ డాక్టరూ చూడలేదు కనుక అది జబ్బని ఎవరూ రాయలేదు. దరఖాస్తులో చెప్పనక్కరలేదు. ఇప్పుడు పాలసీ తీసుకుని ఒక్క ఏడు ఓర్చుకుంటే, తర్వాత మంచి నర్సింగ్ హోములో ఆపరేషన్ చేయించవచ్చు. ఖర్చు కంపెనీది. అంతవరకూ కంటి డాక్టరు గడప తొక్కవద్దు.

రేణిగుంట బడిలో ఏటా ఉచిత కంటి శిబిరం పెడతారట, అక్కడికి పోదామని అక్క నన్ను అడిగింది. బావగారి పరువు ఏం కావాలి అని నేనే ఆపాను. ఆలోచించి రాయండి.

గోవిందస్వామి

---

తిరుపతి,
15-2-1987

గోవిందస్వామికి,

శిబిరం మాట ఎత్తకుండా నువ్వు ఆపినందుకు ఒక్కసారికి నిన్ను మెచ్చుకుంటున్నాను. మునిరామయ్య భార్య బడి వరండాలో చాప మీద కూలివాళ్ళ పక్కన పడుకుని, ఎవరో వండిన ఉప్మా తింటే, నేను అంగడిలో ఎవరి మొహం చూడగలను? పరంధామయ్య నాకు ఒక అరటిపండు తీసుకుని పలకరింపుకు వస్తాడు.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట 'చెప్పనక్కరలేదు' అనేది. అబద్ధం చెప్పమని నువ్వు రాయలేదు. మూడు నెలల్లో ఏజెంటు భాష ఎంత చక్కగా వచ్చింది నీకు. మీ నాయన ఉండి ఉంటే నిన్ను చూసి ఏమనేవారో. ఆయన తూకంలో బెల్లం పొడి రాలినా ఏరి రైతు గంపలో వేసేవారు.

అయినా డబ్బు పంపుతున్నాను. నీ మాటలు నమ్మి కాదు. ఆపరేషన్ ఎలాగూ తప్పనప్పుడు ఆ ఖర్చు ఆ బల్లల ముందు కూర్చుని ఫ్యాను గాలి తినే వాళ్ళ చేత పెట్టించడంలో నాకు సంతోషం ఉంది. మంచి గది తీసుకుందాం, వేరే బాత్రూము ఉన్నది. నాకు వద్దు, మీ అక్కకు ఒక్కదానికే. నాకు ఏ జబ్బూ లేదు, వచ్చే ఆలోచనా లేదు.

నీ ఉత్తరం మొత్తం మీ అక్కకు చదివి వినిపించాను. తను చదువుకోలేకపోతోంది కదా. "గోవిందు సెప్పినాడంటే ఆలోసించే సెప్పింటాడు. ఒక ఏడే కదా, ఓర్సుకుంటా" అంది. దరఖాస్తు మీద సంతకం చేయించి పంపుతున్నాను. గీత దాటి చేసింది, అది నువ్వే సర్దుకో.

మునిరామయ్య

---

తిరుపతి,
20-5-1987

గోవిందస్వామికి ఆశీస్సులు.

పాలసీ కాగితాలు మార్చిలోనే అందాయి. మార్చి ఒకటి నుంచి లెక్క అని ఉంది. మంచిది. బీరువాలో పెట్టాను, అది అక్కడ ఏ పనీ చేయకుండా ఉంది, నీ కంపెనీ లాగే.

గంగమ్మ జాతర బ్రహ్మాండంగా జరిగింది. వేషాలు చూడలేకపోయావు, పాపం నీకు మండీలో సెలవు ఉండదు. నిరుడు అరిటాకు కూడా తేనివాళ్ళు ఈసారి పేరంటాళ్ళకు చీరలు పెట్టారు. మీ అక్క అమ్మవారికి వెండి కళ్ళు మొక్కుకుందట. నాకు చెప్పింది జాతరకు నాలుగు రోజుల ముందు. కంసాలి దగ్గర నిలబడి చేయించాను. వాడు సన్నగా కాగితంలా కొట్టబోతే, అమ్మవారికి ఇచ్చేది కనబడేలా ఉండాలని గట్టిగా చెప్పాను. మన వీధిలో ఇంత పెద్ద కళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు.

పరంధామయ్య గర్భగుడికి ఒక ఇత్తడి గంట ఇచ్చాడు, దాన్ని మైకులో ఒకసారి చెప్పారు. నేను మైకు దగ్గర కూర్చున్న అతనితో మాట్లాడాను. "పాత్రల అంగడి మునిరామయ్యగారి సతీమణి వరదమ్మగారు, కంటి జబ్బు నయం కావాలని అమ్మవారికి వెండి కళ్ళు సమర్పించారు" అని మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు పరంధామయ్య మొహం నువ్వు చూసి ఉండాల్సింది. గుడి నుంచి టీ అంగడి దాకా మైకు గొట్టాలు కట్టారు, ఊరంతా వింది.

తిరిగి వచ్చేటప్పుడు మీ అక్క మెట్టు చూసుకోక పడింది. మోచెయ్యి గీరుకుంది. పసుపు పెట్టాం.

మునిరామయ్య

---

చిత్తూరు,
26-5-1987

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్చిలో పాలసీ తీసుకుని, ఏ జబ్బూ లేదని రాసి, మేలో కంటి జబ్బు అని ఊరంతటికీ మైకులో చెప్పించారు. అదీ మూడుసార్లు. చెప్పనక్కరలేదని నేను రాసింది దరఖాస్తు గురించి మాత్రమే అనుకున్నారా?

క్లెయిము వేసినప్పుడు కంపెనీ వాళ్ళు ఒక్కోసారి మనిషిని పంపి వీధిలో విచారిస్తారు. దేవుడి దయ వల్ల ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే మంచిది. ఇక దయచేసి ఏమీ సమర్పించకండి.

అక్క మోచెయ్యి ఎలా ఉంది?

గోవిందస్వామి

---

తిరుపతి,
22-11-1987

గోవిందస్వామికి,

నీ మే నెల ఉత్తరానికి జవాబు రాయాలనిపించలేదు. అమ్మవారి దగ్గర దాచమని నాకు చెప్పేంత పెద్దవాడివయ్యావు. నీ కంపెనీ దొరలు గంగమ్మ మైకు వింటూ నోట్సు రాసుకుంటారని భయపడిపోయావు. వాళ్ళు తమ ఇంటి గంట మోగినా లేచి రాని రకం.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. నాలుగు రోజులుగా మీ అక్క ఎడమ కన్ను ఎర్రబడింది. ఆ వైపు తలంతా పగిలిపోతోందని కూర్చుంటోంది. నిన్న రెండుసార్లు వాంతి అయింది. పక్కింటి కుప్పమ్మ, పూలు కట్టి అమ్ముతుంది, నీకు తెలుసు, ఆమె వచ్చి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోండి అని నాకు హితబోధ చేసి పోయింది. ఒక మూర మల్లెపూలు కొలవడం రాదు, నాకు వైద్యం చెబుతోంది.

తీసుకుపోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ నవంబరులో డాక్టరు చీటీ రాస్తే నీ ఏడాది గడువు ఏమవుతుందో నువ్వే చెప్పాలి. ఇంత కట్టి, ఇన్ని నెలలు ఆగి, చివర మూడు నెలల కోసం చేతులారా పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వెంటనే రాయి.

మునిరామయ్య

---

చిత్తూరు,
26-11-1987

బావగారికి,

మీ ఉత్తరం ఈ రోజే అందింది. కన్ను ఎర్రబడటం వేడి వల్ల అయి ఉంటుంది. మందుల అంగడిలో చుక్కల మందు అడిగి వేయండి, తలనొప్పికి మాత్ర ఇవ్వండి. ఇప్పుడు డాక్టరు పొర అని రాస్తే మొదటి ఏడు కాబట్టి పైసా రాదు. అంతకన్నా ముఖ్యంగా, ఎప్పటి నుంచి ఉంది అని అడుగుతాడు, అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. ఆ చీటీ ఎప్పటికీ మన మెడకు చుట్టుకుంటుంది.

మూడు నెలలే. అక్కకు నా మాటగా చెప్పండి, ఇంతకాలం ఓర్చుకున్నది ఇంకొంచెం ఓర్చుకోమనండి. మార్చి రెండో తేదీ నేనే వచ్చి తీసుకుపోతాను.

భారతమ్మ వడియాలు పంపుతోంది.

గోవిందస్వామి

---

తిరుపతి,
16-3-1988

గోవిందస్వామికి,

రెండో తేదీ వస్తానని రాసి రాలేదు. మండీలో లెక్కల పని అట. నేనే తీసుకుపోయాను.

డాక్టరు కుర్రవాడు, నా వయసులో సగం కూడా ఉండదు. దీపం వేసి చూశాడు. ఆర్పి మళ్ళీ వేశాడు. వెలుతురు తెలుస్తోందా అని మీ అక్కను అడిగాడు. "యాడ నాయనా దీపం" అంది. తర్వాత నన్ను బయటికి పిలిచాడు. పొర ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగిందట. నొప్పి మొదలైన రోజుల్లోనే తెస్తే కాపాడేవాణ్ణి అన్నాడు. ఎడమ కన్ను పోయింది, ఇక రాదు. నొప్పి తగ్గడానికి ఆపరేషన్ చేశాడు, కుడి కంటికి కూడా పొర ఉంది, ఆలస్యం చేయవద్దు అన్నాడు. ఇంత చదువుకున్నట్టు కనబడుతున్నారు, ఎందుకు ఆగారు అని అడిగాడు. నేను ఏం చెప్పాలి? మా బామ్మర్ది బెల్లం గుమాస్తా, వాడు ఆగమన్నాడు అని చెప్పనా?

ఐదు రోజులు మంచి గదిలోనే ఉంది. వేరే బాత్రూము ఉంది. నేను గోడ చూస్తూ కూర్చున్నాను, నాకు ఆ గది నచ్చలేదు. బిల్లులన్నీ ఇందులో పెట్టాను. ఇప్పుడైనా పని చేసి చూపించు.

మునిరామయ్య

---

తిరుపతి,
8-7-1988

గోవిందస్వామికి,

నీ కంపెనీ జవాబు వచ్చింది. ఒకటే పేరా. పాలసీకి ముందే ఉన్న జబ్బు కనుక ఏమీ ఇవ్వరట.

ఎలా తెలిసిందో విను. పోయిన నెల ఒక సన్నటి మనిషి వచ్చి మన వీధి టీ అంగడిలో కూర్చున్నాడు. వరదమ్మగారికి కంటి జబ్బు ఎప్పటి నుంచి అని టీ అంగడి ఆదిమూలాన్ని అడిగాడు. ఆదిమూలం నాకు మేలు చేస్తున్నాననుకుని, "నిరుటి జాతరకు ముందు నుంచే సామీ, వెండి కండ్లు ఇచ్చినారు, మైకులో మూడు తూర్లు సెప్పినారు, మీరు వినలేదా" అన్నాడట. అంతటితో ఆగకుండా నన్ను పొగుడుతూ గుడి దగ్గరికి తీసుకుపోయి ఆ కళ్ళు చూపించాడు. మంచి బరువైన కళ్ళు అన్నాడట ఆ మనిషి. టీ డబ్బులు కూడా ఇవ్వకుండా పోయాడు.

మైకులో నేనే చెప్పించుకున్నది నిజమే. కానీ దాచాల్సిన అవసరం తెచ్చింది ఎవరు? రెండేళ్ళ డబ్బు కట్టాను, రెండో ఏడు రేటు పెంచితే అదీ కట్టాను, నర్సింగ్ హోము బిల్లు కట్టాను. ఇవన్నీ నీ లెక్క ప్రకారమే జరిగాయి. బెల్లం దిమ్మలు లెక్కపెట్టడానికి కూడా నువ్వు పనికిరావని మండీ వాళ్ళకు ఇంకా తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

మునిరామయ్య

---

చిత్తూరు,
15-7-1988

బావగారికి,

మీరు ఏమన్నా పడతాను. అక్క కన్ను తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. భారతమ్మ నాతో మాట్లాడి వారం అయింది.

కానీ ఇలా వదిలేస్తే లాభం లేదు. అప్పీలు చేద్దాం. ఎడమ కంటి నొప్పి వేరే జబ్బు, పొర వేరే అని వాదించవచ్చని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. కాగితం ఇందులో పెట్టాను, అక్క చేత సంతకం చేయించండి. మార్చిలో మూడో ఏడు డబ్బు కూడా మరవకుండా కట్టండి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి గడువు లెక్కపెడతారు. ఒక్క సంగతి. అప్పీలు తేలేదాకా కుడి కన్ను కదిలించకండి. ఇప్పుడు ఆపరేషన్ చేయిస్తే రెండు కళ్ళకూ ఎప్పటి నుంచో పొర ఉందని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. మూడు నాలుగు నెలలు పడుతుంది. అక్కకు నచ్చజెప్పండి.

గోవిందస్వామి

---

తిరుపతి,
9-10-1988

తమ్ముడు గోవిందుకు అక్క వరదమ్మ రాసేది.

అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమని అనుకోకు. కొత్త అద్దాలు మందంగా ఉన్నాయి, ముక్కు మీద బరువు. కుప్పమ్మ పక్కన కూర్చుని వరుస వంకర పోతే చెబుతోంది.

నీ చివరి ఉత్తరం కూడా మీ బావ నాకు చదివి వినిపించారు. కుడి కన్ను కదిలించవద్దు అన్న చోట ఆయన గొంతు కూడా కొంచెం తగ్గింది. అయినా చదివి మడిచి, వాడు చెప్పినదాంట్లో ఒక న్యాయం ఉంది అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఇక మీ ఇద్దరినీ అడగాలనిపించలేదు.

ఆగస్టులో కుప్పమ్మ నన్ను చెయ్యి పట్టుకుని రేణిగుంట బస్సు ఎక్కించింది. బడి వరండాలో చాప మీదే పడుకున్నాను. ఒక పక్క రైల్వే కూలి తల్లి, ఇంకో పక్క పులికాట్ నుంచి వచ్చిన చేపల ఆమె. ఆమె దగ్గర చేపల వాసన వచ్చింది, నా దగ్గర ఏం వాసన వచ్చిందో ఆమె చెప్పలేదు. నువ్వు ఎవరి భార్యవని ఎవరూ అడగలేదు. కంటికి కట్టు కట్టి ఉప్మా పెట్టారు, బాగుంది. మీ బావ మూడో రోజు గేటు దాకా వచ్చి, తెలిసినవాళ్ళు చూస్తారని గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారట. లోపలికి రాలేదు. ఆయన నీకు రాయడం మానేసింది అందుకే. నా కన్ను పోయినందుకు కాదు, నేను చాప మీద పడుకున్నందుకు.

నీకు లెక్కలు ఇష్టం కనుక ఖర్చు రాస్తున్నాను. బస్సు చార్జీ అయింది, అది కుప్పమ్మ పెట్టుకుంది. ఇంతే. ఈ శిబిరం నిరుడూ జరిగింది. అంతకు ముందు ఏడూ జరిగింది. రెండు కళ్ళతో పోయి ఉండేదాన్ని.

మీరు నన్ను మోసం చేశారని అనను. అన్నీ నాకు తెలిసే జరిగాయి. నవంబరులో గోడకు తల ఆనించుకుని కూర్చుని, గోవిందు ఓర్చుకోమన్నాడు, వాడు నా చెడు కోరడు అనుకుంటూ ఉన్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోతగా ఉంది. మీ మీద కోపం కూడా రావడం లేదు. ఒకరు ఎదురు అంగడివాడి మొహం చూస్తూ ఉన్నారు, ఒకడు తారీకులు చూస్తూ ఉన్నాడు. కళ్ళున్న మగవాళ్ళు ఇద్దరు, నా కంట్లోకి ఒక్కరూ తొంగి చూడలేదు. ఇంతకన్నా తక్కువ మనుషులను నేను నా జన్మలో చూడలేదు గోవిందూ.

అప్పీలు కాగితం మీద సంతకం చేయలేదు. పొయ్యిలో వేయలేదు కూడా, ఇందులోనే పెట్టి పంపుతున్నాను, నీకు అవసరం పడవచ్చు. మూడో ఏడు డబ్బు మీ బావ కట్టదలిస్తే కట్టుకోనీ. దరఖాస్తులో ఈసారి ఎడమ కన్ను లేదని రాయి. అది చెప్పనక్కరలేదు అనుకోకు.

భారతమ్మను తీసుకుని వచ్చే ఆదివారం చూడటానికి వస్తానని కబురు పెట్టావు. రా. వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపను. భారతమ్మ యాడైనా కూర్చోవచ్చు, ఆమెను నేను వెతుక్కుంటాను. నువ్వు మాత్రం నా కుడి పక్కన కూర్చో. ఎడమ పక్క కూర్చుంటే నువ్వు నాకు కనబడవు.

వరదమ్మ